పలచని పాకం

నిజ్వాల కోట ఎనక సందుల
ఖర్జూరపు పాకం తీసే కార్ఖాన.
నేను ఆడ లెక్కలు రాసెటోన్ని.
మనుషులు తక్కువైన కాడికెల్లి
డబ్బాలు మోసెటోన్ని గూడ.

ముగ్గురన్నదమ్ములు.
హమూద్ సంతకం పెడ్తడు, ఖల్ఫాన్ కొట్లాడ్తడు,
మర్హూన్ ఫోనెత్తడు.
వాళ్ల నాయిన పోయి నాలుగేండ్లు.
ఆయన చిట్టా ఇంక నా బల్ల మీదనే ఉన్నది:
రావాల్సినయి నల్లసిరతోని,
కట్టాల్సినయి ఎర్రసిరతోని.
నల్లసిర బుడ్డి ఎండిపోయి ఏడాదాయె.
ఎవలూ అడుగలే.

సోహార్ సీసాలోడు పైసలకు మనిషిని తోలిండు.
బండి కిస్తీ మూడు నెలలది.
తోటకొచ్చే కాలువల మా వంతు నీళ్లు
సగం పూట కుదువ వెట్టినం.
బంగారం కుదువ వెట్టుడు ఎరుకే గని
నీళ్లను కుదువ వెట్టుడు ఈడనే సూసిన.

ఎండకాలం మొదట్ల హమూద్ అన్నడు:
గ్యాసు దర పెరిగింది,
పొయ్యి ఒక గంట ముందుగాల ఆపుదాం.
ఎవలు కాదన్లే. నేను గూడ కాదన్లే.
ఆ గంటను చిట్టాల
ఆదా కింద రాసిన, మంచి దస్తూరితోని.

ఆగస్టుల గోదాం తలుపు తీస్తే
పందొమ్మిది డ్రమ్ముల మూతలు ఉబ్బి ఉన్నయి,
బుగ్గల నీళ్లు పట్టుకొని
నవ్వాపుకుంటున్న పోరగాండ్ల లెక్క.
ఒకటి విప్పిన.
వాసన.

ఆ వాసన నాకు ఎవలూ పరిచయం జెయ్యనక్కర్లే.
మేము గౌండ్లోళ్లం.
మామ్లా కిస్తీ కట్టలేక
మా నాయిన మోకు ముత్తాదు దండేనికి ఏలాడేసిన నాడు
ఇంటినిండ ఇదే వాసన,
అమ్ముడువోని లొట్టి మూలకు కూసుండి
నురగ కక్కుకుంట.

ఈతచెట్టు, ఈ ఖర్జూరపు చెట్టు
అక్కసెల్లెండ్ల పిల్లలు.
ఒకదాన్ని మెడ గీసి తాగినం,
ఇంకోదాని పండు ఉడికించి అమ్మినం.
రెండిండ్ల అప్పులు రాసిన చెయ్యి మాత్రం
నాదొక్కటే అయి ఉంటది ఈ ఊర్లె.

ఖల్ఫాన్ మొఖం తిప్పుకున్నడు.
హమూద్ వాసనకే నోరు కడుక్కున్నడు,
గుట్టలెనక పారబోసి రమ్మన్నడు.
పారబోసెతందుకు గూడ బండి కావాలె.
బండిల డీజిల్ లేదు.

పొద్దుగూకినంక గేటు కాడ ఒకడు
కారు దిగకుండనే ఉర్దూల అడిగిండు:
ఖరాబైన సరుకున్నదంట గదా?
డ్రమ్ముకు నలభై రియాలు.
రాత్రి నేనే ఎత్తుకపోత, నువ్వు తాళం మర్సిపోతె సాలు.

పందొమ్మిది నలభైలు ఏడొందల అరవై.
సీసాలోని బాకీ ఏడొందల ఇరవై.
ఇంత సక్కగ కలిసిన లెక్క
పన్నెండేండ్ల కొలువుల ఇదే మొదలు.

తెల్లారి జువైనా వచ్చింది.
వాళ్ల మేనత్త, వాటా ఉన్నది, సంతకం లేదు.
మా నడుమ ఏం మాట నడిసిందో ఆమెకెట్ల తెలుసు?
డ్రమ్ము మీద చెయ్యేసి,
జరమొచ్చిన పిల్లను ముట్టినట్టు, జరసేపు ఊకున్నది.
మూతలు తియ్యిండ్రి, అన్నది. గుడ్డలు కట్టుండ్రి.
మనం చెయ్యి వెట్టొద్దు. దానంతట అదే సిర్కా అయితది.
ఎన్ని దినాలమ్మా, అన్న.
నన్నడుగుతవేంది, అన్నది.

తక్కువల తక్కువ రెండు నెలలంట.
బ్యాంకోడిచ్చిన గడువు పదకొండు దినాలు.

ఇప్పుడు పొద్దుగాల్నే
ఈగలు తోలి, గుడ్డలు సర్ది
ఒక్కో డ్రమ్ముకు చెవానిచ్చి వింట.
లోపల సన్నగ గుసగుస,
వాటాలు పంచుకునేటోళ్లు
తలుపేసుకొని మాట్లాడుకున్నట్టు.

చిట్టాల కొత్త పేజీ తీసిన.
పులుస్తున్న సరుకు, డ్రమ్ములు పందొమ్మిది.
దర కాడ ఖాళీ ఇడిసిన.
ఏ సిరతోని రాయాల్నో తోచక
పెన్సిల్‌తోని రాసిన.

కారోడు అగ్గిపెట్టె అట్ట మీద
నంబర్ రాసిచ్చి పోయిండు.
పారెయ్యలే.
పెద్దాయన ఎర్ర పేజీల నడుమ ఉన్నది.